తవుడుకి కొన్న పేరు

కవిటి దాటాక ఇసకదారి.
ఆటోలో నా ఒళ్ళో ఐసుపెట్టె.
నెత్తురు తియ్యడం, వంశం గియ్యడం నా పని.
మగవాడైతే చతురస్రం, ఆడమనిషైతే సున్నా.
కిడ్నీ పాడైతే లోపల నలుపు నింపాలి,
పోతే ఏటవాలుగా ఒక గీత.
ఈ ఊళ్ళకొచ్చాక
నా నల్లపెన్నులు తొందరగా అయిపోతున్నాయి.

తవిటమ్మ వాకిట్లో జీడిపిక్కలు కొడుతోంది.
"మళ్ళా వొచ్చినారేటి?
ఒకేడు సీసాల్తో నీళ్ళట్టుకెళ్ళినారు,
ఒకేడు మట్టట్టుకెళ్ళినారు,
బియ్యం, ఉప్పుసేప, ఆకరికి మా ఉచ్చ కూడా.
ఇప్పుడు నెత్తురా?
తీసుకో. ఇంకేటి మిగిలింది మాకాడ."

నెత్తురు కోసం కాదు పెద్దమ్మా, దాన్లో రాత కోసం.
మూడు వందల కోట్ల అక్షరాలు.
ఒకప్పుడు ఒక్క మనిషిని చదవడానికి ఏళ్ళు పట్టేది,
ఇప్పుడు రెండ్రోజులు చాలు.
ఒకే బావి నీళ్ళు తాగిన అన్నదమ్ముల్లో
ఒకడే ఎందుకు డయాలసిస్ మంచమెక్కాడో,
ఎక్కడైనా ఒక అక్షరం తప్పు పడిందేమో
చూస్తారు.

ఆమె ఒక పిక్క పగలగొట్టి
పప్పు చెక్కుచెదరకుండా బయటికి తీసింది.
"అయితే సదివినాక సెప్పు. నాకు సదువు రాదు."

మీ ఇంట్లో ఎంతమంది, అని నేను పెన్ను తీసేలోపే
నేలమీద పిక్కలు పేర్చడం మొదలెట్టింది.
"నిండుపిక్కలు బతికున్నోలు.
డొల్లలు పోయినోలు."
తాత వరస, తండ్రి వరస, తన వరస.
మధ్యలో ఒక కోడి వచ్చి
రెండో పెనిమిటిని ముక్కున కరుచుకుపోతే
"పోనీ, ఆడెప్పుడూ ఇంట్లో ఉన్నోడు కాడు" అంది.
నాకు నవ్వాగలేదు. తర్వాత డొల్లలు లెక్కపెట్టాను.

పేరడిగాను, ఎందుకలా పెట్టారని.
"నాకు ముందర నలుగురు పురిట్లోనే పోయినారు.
నాను పుట్టగానే మాయమ్మ
సేటలో ఏసి పక్కింటోలికి ఇచ్చీసి,
సోలెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుంది.
సావుకి లెక్క తప్పిపోవాలని."

నలుగురు. ఆడో మగో ఆమెకి తెలీదు.
అలాంటివాళ్ళకీ మా దగ్గర గుర్తుంది,
పేకముక్కల్లో డైమనులా.
నాలుగు గీశాను.
ఈ చుట్టుపక్కల తవిటయ్యలు, పెంటమ్మలు ఎంతమంది!
ఓటరు లిస్టు ముందేసుకుంటే చాలు,
ఎక్కడా నమోదుకాని పిల్లలు
తోబుట్టువుల పేర్లలోంచి లేచొస్తారు.

ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర కావాలి.
జీడిరసం తినేసిన వేలు అది.
రేషను మిషను కూడా పోల్చుకోలేక
నెలనెలా వెనక్కి పంపేసే వేలు.
ఇంకు అద్ది నొక్కితే
ఒక్క గీత లేని నల్లటి గుండ్రం పడింది.
నా భాషలో దాని అర్థం నాకు తెలుసు.
పక్కన చిన్నగా రాశాను:
ఇది వేలిముద్ర మాత్రమే.

ఎనిమిది నెలలకి రిపోర్టు వచ్చింది.
ఒకచోట మార్పు కనిపించింది,
దాని అర్థం ప్రస్తుతానికి తెలియదు, అని ఉంది.
మొహం చెల్లక, ఐసుపెట్టె లేకుండా వెళ్ళాను.
చదివి చెప్పాను.
మనలాంటి వాళ్ళ నెత్తుర్లు వాళ్ళు చదివినవి తక్కువ పెద్దమ్మా,
పోల్చి చూడ్డానికి ఇంకా చాలామందివి కావాలి,
అప్పుడు ఇదే అక్షరానికి అర్థం దొరకొచ్చు.

కొట్టడం ఆపి నావైపు చూసింది.
"తెల్దని కాయితం మీద రాసిచ్చినోల్ని
ఇదే సూడ్డం.
ఇన్నేళ్ళూ వొచ్చినోలంతా తెలిసినోలే."

లోపల గుమ్మానికి ఆనుకుని మనవరాలు, ఏడో నెల.
"దీని కడుపులోదానికి ఏటి గుర్తు?"
డైమను, అన్నాను. లోపల ఖాళీ.
"కాళీగానే ఉంచు. పెన్ను మూతెట్టీ."

చెప్పులేసుకుంటుంటే కనబడింది,
చూరుకింద వేలాడుతున్న కొత్త చేట,
దాన్లో మూటగట్టిన సోలెడు తవుడు.
నేను చూడ్డం ఆమె చూసింది.
"మీ మిషను సదవడం నేర్సుకునీదాకా" అంది,
మళ్ళీ పిక్క కింద పెట్టింది.